చుక్క ఎక్కడ పెట్టాలి? అణా నుంచి సతోషి దాకా కొలతల కథ



ఈ మధ్య మన హాస్టళ్ళలో కూడా బిట్‌కాయిన్ మాట వినిపిస్తోంది. కొనండి అనో, కొనొద్దు అనో చెప్పడానికి ఈ పోస్ట్ రాయట్లేదు. ఆ డబ్బుని ఫోన్ తెర మీద ఏ కొలతలో చూపించాలి అనే గొడవ ఒకటి చాలా ఏళ్ళుగా నడుస్తోంది. దాని చరిత్ర రాస్తున్నా. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కొలతల దగ్గరే మోసపోయిన చరిత్ర మనది.

బిట్‌కాయిన్ 2009 జనవరిలో మొదలైంది. సతోషి నకమోటో అనే పేరు వెనక ఉన్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల భాగాలు ఉంటాయి. ఆ అతి చిన్న భాగానికి తర్వాత జనమే ‘సతోషి’ అని పేరు పెట్టారు. సాఫ్ట్‌వేర్ లోపల లెక్కంతా ఈ చిన్న భాగాల్లోనే, పూర్ణసంఖ్యల్లోనే జరుగుతుంది. దశాంశ చుక్క మనకి చూపించడానికి పెట్టేది మాత్రమే.

మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. 2010 మే 22న అమెరికాలో లాజ్లో హాన్యెట్జ్ అనే ప్రోగ్రామర్ రెండు పిజ్జాలకి 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. 2013 చివరికి ఒక్క బిట్‌కాయినే 1,000 డాలర్లు దాటింది. అప్పటి మన 12 రూపాయల టీకి ఆ లెక్కలో ధర 0.0002. సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఒక్క సున్నా అటూ ఇటూ అయితే పది రెట్లు తేడా.

ఇది రాబోతుందని సతోషికి ముందే తెలుసు. చిన్న అంకెలు విసుగనిపిస్తే చుక్కని జరిపి చూపించవచ్చు, డబ్బు మారదు అని 2010లోనే రాశాడు. కానీ జరిపేది ఎవరు? దీనికి రిజర్వ్ బ్యాంకు లాంటిది లేదు కదా. అందుకే తలా ఒక మాట అన్నారు. వెయ్యో వంతుని మిల్లీబిట్‌కాయిన్ అన్నారు కొందరు. పది లక్షలో వంతుని, అంటే 100 సతోషిలని, ‘బిట్’ అన్నారు ఇంకొందరు. 2017లో జిమ్మీ సాంగ్ దీన్నే ప్రతిపాదనగా రాశాడు. 2025లో జాన్ కార్వాల్హో ఇంకో అడుగు ముందుకేసి, చుక్కే వద్దు, అతి చిన్న భాగాన్నే ‘బిట్‌కాయిన్’ అందాం అన్నాడు. అలాగైతే నిన్న 1 ఉన్నవాడికి ఈ రోజు 10 కోట్లు కనిపిస్తాయి. ఉన్న డబ్బు మాత్రం అంతే.

ఇలాంటిది మన దేశంలో ఒకసారి జరిగింది. పాత రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసలు అయ్యాయి. అణా అంటే ఇప్పుడు 6.25 పైసలు. పావు పైసాకి నాణెం లేదు. కాబట్టి ఒక అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19 అని పట్టిక ఇచ్చారు. మూడణాలు ఒకేసారి ఇస్తే 19, ఒక్కో అణా చొప్పున మూడుసార్లు ఇస్తే 18. ఆ ఒక్క పైసా ఎవరి దగ్గర పోతుంది? అణాల్లో బతికేవాడి దగ్గరే.

అయితే ఒక మంచి పని కూడా చేశారు. పాత పైసా, కొత్త పైసా కలిసిపోకుండా కొత్తదాన్ని ‘నయా పైసా’ అన్నారు. 1964 జూన్ దాకా ఆ మాట తియ్యలేదు. ఒకే పేరుకి రెండు కొలతలుంటే సంతలో ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. కార్వాల్హో ప్రతిపాదన మీద నా అభ్యంతరం కూడా ఇదే.

2022 డిసెంబర్ 1న రిజర్వ్ బ్యాంకు ప్రయోగాత్మకంగా డిజిటల్ రూపాయి తెచ్చినప్పుడు నోట్లకీ నాణేలకీ ఉన్న విలువలే ఉంచింది. జనం కొత్త కొలత నేర్చుకోనక్కర్లేదు.

పేరు, కొలత ఎవరి చేతిలో ఉంటే బలం వాళ్ళదే. 1855లో సిద్ధో, కానూ నాయకత్వంలో సంతాల్ ఆదివాసులు తిరగబడడానికి కారణాల్లో వ్యాపారుల దొంగ తూకాలు ఒకటి. సంతాలుల పంట కొనేటప్పుడు ఎక్కువ బరువున్న రాయి, వాళ్ళకి సరుకు అమ్మేటప్పుడు తక్కువ బరువున్న రాయి. మొదటిదాని పేరు కేనారామ్, రెండోదాని పేరు బేచారామ్. ఇప్పటికీ మన ఊళ్ళలో వడ్డీ ‘నూటికి మూడు రూపాయలు’ అంటారు. వినడానికి ఎంత తక్కువ! అది నెలకి. ఏడాదికి 36 శాతం అని చెప్తే అప్పు తీసుకునే చెయ్యి కాసేపు ఆగుతుంది. అబద్ధం ఏమీ చెప్పలేదు, కొలత మాత్రం వాళ్ళకి నచ్చింది ఎంచుకున్నారు.

అందుకే నా మాట ఇది. రోజువారీ లెక్క పూర్ణసంఖ్యల్లో ఉండాలి. బిట్‌కాయిన్‌కైతే సతోషి సరిపోతుంది, చాలామంది ఇప్పటికే అలా వాడుతున్నారు. ఒక పేరుకి ఒకటే కొలత. అంకె పక్కన కొలత పేరు తప్పకుండా ఉండాలి. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు అదే కొలత. చదువురాని మన అమ్మ కూడా వేళ్ళ మీద సరిచూసుకోగలిగితేనే అది మంచి కొలత.

మీ ఊళ్ళో తాతలు, అవ్వలు కుంచం, మానిక, సోల, గిద్ద లెక్కలు ఎలా చెప్తారో అడిగి కింద రాయండి. సంతలో ఏ కొలత దగ్గర మోసం జరిగేదో కూడా అడగండి. అది కూడా మన చరిత్రే, రాసుకోకపోతే పోతుంది.

జోహార్.