నర్సమ్మ దవాఖానా: నడిగడ్డలో ప్రాథమిక వైద్యము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమకు నడిగడ్డ యని పేరు. దానికి ఉత్తరద్వారము వంటిది బీచుపల్లి. హైదరాబాదు నుండి కర్నూలు పోవువారికి అచ్చట కృష్ణపై వంతెన, తీరమున ఆంజనేయస్వామి ఆలయము కనబడును. ఏటికి ఈవల గద్వాల, ఆవల వనపర్తి, ఆ తూర్పున నాగర్‌కర్నూలు. గద్వాల, వనపర్తి సంస్థానముల కోటలను గూర్చియు, కవిపండితులను గూర్చియు చరిత్రకారులు విరివిగా వ్రాసిరి. ఆ కోటల నీడన పల్లెలలో ప్రసవవేదన పడు తల్లికి, జ్వరపడిన బిడ్డకు దిక్కెవరు? ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానమును మనము వెదకి చూతము.

చిరకాలము ఆ దిక్కు మంత్రసాని. ఆమె చదివిన శాస్త్రము లేదు. తల్లి నుండి కూతురు నేర్చిన అనుభవమే ఆమె విద్య. పిలిచినంతనే వచ్చుట ఆమె గొప్ప గుణము. కాని ఆగని రక్తస్రావము, అడ్డము తిరిగిన శిశువు ఆమె నేర్పునకు మించినవి. ఏరు పొంగిన దినములలో అవతలి గట్టున వైద్యుడున్నను లేనట్లే.

1943లో నియమింపబడిన భోర్ సంఘము 1946లో తన నివేదికను వెలువరించినది. నాటి బ్రిటిష్ ఇండియాలో 43,000 మందికి ఒక్క నర్సు మాత్రమే కలదని అది లెక్క తేల్చినది. నిజాం ఏలుబడిలోని మన సీమ ఆ లెక్కలోనికి రాలేదు. గ్రామములకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు కావలెనన్న ఆ సంఘము సూచన 1952 అక్టోబరు 2న ఆరంభమైన సామాజిక వికాస పథకముతో కార్యరూపము దాల్చసాగినది. ఆ కాలముననే రెండేండ్ల శిక్షణతో ఆగ్జిలరీ నర్సు మిడ్‌వైఫ్ అను కొత్త ఉద్యోగిని అవతరించినది. పల్లెజనులు ఆమెను నర్సమ్మ అని పిలుచుకొనిరి. కానుపు చేయుట ఆమె ప్రధాన విద్య.

1973లో కర్తార్ సింగ్ సంఘము ఆమెను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తగా మార్చవలెనని సూచించినది. తరువాత శిక్షణ 18 నెలలకు తగ్గినది; పనులు మాత్రము పెరిగినవి. టీకాలు, కుటుంబ నియంత్రణ, లెక్కల పుస్తకములు ఆమె దినమును ఆక్రమించినవి. మైదానములో 5,000 మందికి, కొండసీమలలోను గిరిజన ప్రాంతములలోను 3,000 మందికి ఒక ఉపకేంద్రమను నియమము వచ్చినది. నల్లమల చెంచుపెంటల వంటి చోట్ల ఆ సంఖ్యకన్న నడువవలసిన దూరమే పెద్ద భారము.

అన్య దేశములలో ఈ చిక్కునకు వేరొక మార్గమును వెదకిరి. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సు, హెన్రీ సిల్వర్ అను శిశువైద్యుడు కలసి ఒక శిక్షణను ఆరంభించిరి. అనుభవముగల నర్సులకు రోగిని పరీక్షించుట, సామాన్య రుగ్మతలను గుర్తించి చికిత్స చేయుట, ప్రమాదమును పసికట్టి పై వైద్యునికి పంపుట నేర్పిరి. నర్స్ ప్రాక్టీషనర్ అను వృత్తి అట్లు పుట్టినది. 1978లో ఆల్మా ఆటా మహాసభ ప్రాథమిక ఆరోగ్యసేవ అందరికిని అందవలెనని ప్రకటించినది.

ఆ భావము మన దేశమునకు ఆలస్యముగా చేరినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలసి కరీంనగరమున 30 మంది నర్సులకు 18 నెలల ప్రసూతి శిక్షణ ఆరంభించినవి. 2018 డిసెంబరులో కేంద్రము నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ సేవలకు మార్గదర్శకములను వెలువరించినది. ఆ ఏడే ఆరంభమైన ఆరోగ్య కేంద్రముల పథకములో, నర్సింగ్ చదివి 6 నెలల అదనపు శిక్షణ పొందినవారికి ఉపకేంద్రమును నడుపు బాధ్యత లభించినది. తెలంగాణలో పల్లె దవాఖానాలకు తొలుత వైద్యులను, వారు దొరకనిచోట ఇట్టి నర్సులను నియమించు పద్ధతి ఏర్పడినది.

అట్టి దవాఖానాలో జరుగు పని సామాన్యముగా తోచును: రక్తపోటు కొలుచుట, మధుమేహమును పరీక్షించుట, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖ క్యాన్సరు లక్షణములను ముందుగా పసికట్టుట, వైద్యుడు వ్రాసిన మందు నెలనెలా తప్పక అందించుట, గర్భిణికి రక్తహీనత కలదేమో చూచుట. రక్తపోటు మందు మానినవానికి పక్షవాతము వచ్చిన పిమ్మట పట్నపు వైద్యుడు చేయగలిగినది స్వల్పము. మానకుండ చూచునది ఆ ఇల్లెరిగిన నర్సమ్మయే.

2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టము ప్రాథమిక, నివారణ వైద్యములో కొన్ని మందులు స్వయముగా వ్రాయుటకు, తగిన అర్హతగల ఆరోగ్య సేవకులకు పరిమిత అనుమతి నీయవచ్చునని చెప్పినది. దీనిపై వైద్యులలో పలువురు అభ్యంతరము తెలిపిరి. వారి జాగ్రత్త నిరాధారము కాదు: అరకొర శిక్షణతో ఇచ్చిన మందు విషము కాగలదు. కాని వైద్యుడు లేని ఊరిలో శిక్షణ పొందిన నర్సును కాదన్నచో, రోగి వెళ్లునది వైద్యుని వద్దకు కాదు, ఏ శిక్షణయు లేనివాని వద్దకు.

డెబ్బదియేండ్ల ఈ చరిత్రలో మనము నర్సమ్మకు బాధ్యతను ధారాళముగా ఇచ్చితిమి. విద్యను కొలిచి, అధికారమును దాచి ఇచ్చితిమి. బీచుపల్లి వద్ద ఏటికి వంతెన వేసినవారు ఒక గట్టున మాత్రమే స్తంభములు నిలిపి ఊరకుండలేదు. విద్య, అధికారము, అవసరమైనప్పుడు పలుకు పెద్ద ఆసుపత్రి, ఈ మూడును కూడినప్పుడే నర్సమ్మ దవాఖానా పల్లెకు నిజమైన వంతెన కాగలదు.