కప్పులన్నీ కలిస్తే

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గార్డ్‌నర్ కుర్చీల తయారీకి పేరుపడ్డ ఊరు. 1980ల నడిమికాలంలో అక్కడ ఓ కొత్త ప్రయోగం మొదలైంది. ఆ ప్రాంతపు కరెంటు కంపెనీ ఒకే లైను మీదున్న 30 ఇళ్ళను ఎంచుకుని, ఇంటికి 2.2 కిలోవాట్ల చొప్పున సోలార్ ప్యానెళ్ళు బిగించింది. మొత్తం కలిపి 66 కిలోవాట్లు. ఇవాళ ఓ పెద్ద కల్యాణమండపం డాబా మీదే అన్ని పట్టేస్తాయి. అయితే ఆ ఇళ్ళను ఊరంతటా వెదజల్లకుండా, దండలా ఒకే తీగకు గుచ్చారు. కిటుకంతా అక్కడే ఉంది.

ఒక్క ఇంటి లెక్క అప్పటికే తేలింది. నేలకు చేరే ఎండలో నేరుగా పడేదెంత, ఆకాశంలో చెదిరి వచ్చేదెంత అని విడదీసే పద్ధతిని మినసోటా విశ్వవిద్యాలయంలో లియు, జోర్డాన్ 1960లోనే చూపించారు. కప్పు వాలు, అది చూసే దిక్కు తెలిస్తే మిగతాది గణితమే. తెలియనిదల్లా ఇరుగుపొరుగు సంగతి. మబ్బు పట్టి 30 ఇళ్ళూ ఒక్కసారి చతికిలబడితే లైను ఏమవుతుంది? మరమ్మతుకని సరఫరా ఆపినా ఇళ్ళు కరెంటు తోస్తూనే ఉంటే స్తంభమెక్కిన లైన్‌మన్ గతేమిటి? ఇంజనీర్లు ఇవన్నీ కొలిచి చూశారు. పెద్ద చిక్కులేవీ కనబడలేదు. 66 కిలోవాట్లతో అంతకుమించి తేలుతుందనుకోవడం కూడా అత్యాశే.

జర్మనీ ఆ పనిని దేశం మొత్తానికి పరిచింది. 1990లో మొదలైన పథకం పేరు ‘వెయ్యి కప్పులు’. ఖర్చులో 70 శాతం దాకా ప్రభుత్వాలే భరించాయి. దేశం ఏకమయ్యాక తూర్పు రాష్ట్రాలూ చేరడంతో లెక్క రెండు వేలు దాటింది. కొలతలు మొదలయ్యాక కాగితం మీది అంకెలకు గర్వభంగమైంది. ఒకచోట చెట్టునీడ, ఇంకోచోట పొగగొట్టం నీడ. కొన్ని ప్యానెళ్ళయితే వాటి మీద రాసిన వాట్లే ఇవ్వలేదు. కప్పు లెక్కల్లో నీడకూ తరుగుకూ పీట వేయక తప్పదని అప్పుడు అర్థమైంది.

2001లో వచ్చిన ఓ జర్మన్ అధ్యయనం ఇంకా ఆసక్తికరం. దేశం నలుమూలలా ఉన్న 100 ఇళ్ళు, మొత్తం 243 కిలోవాట్లు, ప్రతి ఐదు నిమిషాలకూ ఒక కొలత. ఒక ఇంటిని విడిగా చూస్తే ఐదు నిమిషాల్లో ఉత్పత్తి సగానికి సగం ఎగిరిపడేది. నూటినీ కలిపి చూస్తే 5 శాతం మించిన ఊగు దాదాపు లేదు. మ్యూనిక్ మీది మబ్బు అదే సమయానికి హాంబర్గ్ మీద ఉండదు కదా! చోట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనంత ఎడంగా ఉంటే, ఊగు వాటి సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతుందని 2010లో హాఫ్, పెరెజ్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. నూరు చోట్లయితే పదో వంతు.

ఒకే వీధి ఇళ్ళకు మాత్రం ఈ ఉపశమనం దక్కదు. దాని సంగతి తేల్చింది జపాన్. గున్మా ప్రాంతంలోని ఓటా నగరంలో, 2002లో మొదలైన ప్రభుత్వ ప్రాజెక్టు కింద ఒకే కాలనీలో 553 ఇళ్ళ మీద రెండు మెగావాట్లకు పైగా ప్యానెళ్ళు పెట్టారు. అక్కడ మబ్బు కన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చేది మే నెల సెలవు రోజు. ఎండ దండిగా ఉంటుంది, ఏసీలు వేసేంత ఉక్క ఉండదు, జనం ఇళ్ళు తాళాలు వేసుకుని షికార్లకు పోతారు. వాడేవాళ్ళు లేని కరెంటు లైనులోకి ఎదురెక్కితే వోల్టేజీ పెరుగుతుంది. జపాన్ ఇళ్ళలో అది 107 వోల్టులు దాటకూడదు. హద్దుకు రాగానే ఇన్వర్టర్ తనంతట తానే ఉత్పత్తి తగ్గించేస్తుంది. అందులోనూ న్యాయం లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇంటి దగ్గర వోల్టేజీ ఎక్కువ ఎగబాకుతుంది కనుక, అవే ప్యానెళ్ళు, అదే ఎండ ఉన్నా ఆ ఇంటివాళ్ళకే కోత ఎక్కువ. అందుకే ఇళ్ళ దగ్గర బ్యాటరీలు పెట్టి మధ్యాహ్నపు మిగులును దాచి చూశారు. తీగ మందం, స్తంభాల ఎడం, ఏ పూట ఎవరు ఇంట్లో ఉంటారన్న వివరం ఎండతో సమానంగా లెక్కలోకి వచ్చాయి.

కప్పుల్ని కొలవడం ఆ తరవాత తేలికైపోయింది. 2015లో గూగుల్ ‘ప్రాజెక్ట్ సన్‌రూఫ్’ మొదలుపెట్టి, ఆకాశం నుంచి తీసిన చిత్రాలతోనే ఇంటింటి వాలూ నీడా అంచనా కట్టింది. లైనులో కరెంటు ఎటు పారుతుందన్నది మాత్రం పైనుంచి కనబడే విషయం కాదు.

తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిని 2025లో పూర్తి సౌర గ్రామంగా తీర్చిదిద్దారు. సుమారు 480 ఇళ్ళు, ఇంటికి మూడేసి కిలోవాట్లు. అన్నీ కలిపితే 1,400 కిలోవాట్ల పైమాటే. ఓటాలో సెలవు రోజున ఎక్కువగా వచ్చిన ఇబ్బంది పల్లెలో పనిరోజు మధ్యాహ్నం కూడా రావచ్చు. జనం పొలాల్లో ఉంటారు, ఇళ్ళల్లో ఫ్రిజ్జు తప్ప పెద్దగా ఏదీ తిరగదు. ఆ వేళ మిగులును బోరు మోటార్లకు మళ్ళించాలా, సబ్‌స్టేషన్ దాకా పంపాలా, ఎన్ని ఇళ్ళకు ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి అన్నవి ప్యానెళ్ళు బిగించకముందే వేసుకోవాల్సిన లెక్కలు.