సారస్ ప్రయోగం

సారస్ అనేది బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ రూపొందించిన రేడియో వర్ణపటమాపకం. తొలి నక్షత్రాలు వెలిగిన కాలంలోని హైడ్రోజన్ వాయువు ఆకాశపు రేడియో నేపథ్యంపై వేసిన ముద్రను గుర్తించడం దీని లక్ష్యం. కృష్ణ పదార్థం గురించిన ఒక ప్రత్యామ్నాయ వాదానికి ఆధారంగా నిలిచిన పరిశీలనను ఈ ప్రయోగమే పరీక్షించింది.

టింబక్టు పరిశీలనలు

సారస్-2 పరికరాన్ని అప్పటి అనంతపురం జిల్లా (2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) చెన్నేకొత్తపల్లి మండలంలోని టింబక్టు కలెక్టివ్ వద్ద నెలకొల్పారు. బెంగళూరు నుండి చిలమత్తూరు మండలం, పెనుకొండల మీదుగా సాగే జాతీయ రహదారి ఈ ప్రాంతానికి దారి. ఎఫ్.ఎం. ప్రసారాలు, విద్యుత్ పరికరాల రొద ఈ పరిశీలనలను చెడగొడతాయి కనుక నగరాలకు దూరమైన చోటు అవసరం. 110–200 మెగాహెర్ట్జ్ పరిధిలో 63 గంటల రాత్రి పరిశీలనల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఎక్స్-కిరణాల వలన వాయువు స్వల్పంగానే వేడెక్కి, ఆపై అతివేగంగా అయనీకరణం చెందిందనే నమూనాలు వీటితో బలహీనపడ్డాయి.

ఎడ్జెస్ వివాదం

2018లో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పనిచేసే ఎడ్జెస్ ప్రయోగం 78 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 0.5 కెల్విన్ లోతు గల శోషణను ప్రకటించింది. హైడ్రోజన్ 1420 మెగాహెర్ట్జ్ వద్ద గ్రహించిన తరంగం విశ్వవ్యాకోచం వలన సాగి ఈ పౌనఃపున్యానికి చేరుతుంది. మహావిస్ఫోటం తరువాత సుమారు 18 కోట్ల సంవత్సరాల నాటి స్థితిని అది తెలుపుతుంది. చిక్కల్లా లోతుతోనే: ప్రామాణిక నమూనా అనుమతించే గరిష్ఠం 0.2 కెల్విన్ ప్రాంతంలోనే ఉంటుంది. అంటే వాయువు ఊహించినదానికన్నా చల్లగానైనా ఉండాలి, లేదా రేడియో నేపథ్యం మరింత ప్రకాశవంతంగానైనా ఉండాలి. కృష్ణ పదార్థ కణాలు సాధారణ పరమాణువులతో ఢీకొని వాటి వేడిని గ్రహించాయని రెన్నన్ బర్కానా ప్రతిపాదించాడు. గురుత్వాకర్షణ తప్ప మరే బంధమూ ఎరుగదనుకున్న పదార్థానికి ఇది పెద్ద మార్పే. తొలినాటి కృష్ణ శక్తి కారణమై ఉండవచ్చుననే ఊహను కూడా పరిశీలించారు గాని, అది విశ్వ సూక్ష్మతరంగ నేపథ్యపు కొలతలతో పొసగలేదు.

నీటిపై సారస్-3

పాలపుంత రేడియో ఉద్గారం ఈ సంకేతం కన్నా వేల రెట్లు బలమైనది. పైగా యాంటెన్నా కింది నేల పొరలు కూడా కొలతలో దొంగ మెలికలు పుట్టించగలవు. లోతైన నీరు ఏకరూప మాధ్యమం. అందుచేత 2020లో సారస్-3ను తెప్పపై అమర్చి, కర్ణాటకలోని దండిగానహళ్ళి చెరువులోను, శరావతి వెనుక జలాలలోను తేలించారు. కరవు సీమలో పరిశీలనలు సాగించిన ప్రయోగం ఇలా చెరువుకు చేరింది. 55–85 మెగాహెర్ట్జ్ పరిధి దత్తాంశాలలో ఎడ్జెస్ చూపిన ఆకృతి కనిపించలేదు. 2022 ఫిబ్రవరిలో నేచర్ ఆస్ట్రానమీ పత్రికలో సౌరభ్ సింగ్, రవి సుబ్రహ్మణ్యన్ తదితరులు దానిని 95.3 శాతం విశ్వాసస్థాయితో తిరస్కరించారు.

ఈ ఫలితం పరమాణువులతో చర్య జరిపే కృష్ణ పదార్థం లేదని నిరూపించదు; ఎడ్జెస్ సంకేతం ఆ వాదానికిచ్చిన ఆధారాన్ని మాత్రమే ప్రశ్నిస్తుంది. భూమిపై రేడియో రొదను తప్పించుకోవడానికి చంద్రుని కక్ష్యలో ప్రతుష్ అనే పరికరాన్ని నిలపాలని అదే సంస్థ ప్రతిపాదించింది.