పాట చివర పేరు

కంప్యూటర్లో దాచుకున్న మా పాత పాటల్లో సగానికి పేర్లే లేవు. అది భానుమతి గొంతని గోడవతలివాళ్ళకు కూడా తెలుస్తుంటే, "ట్రాక్ 01, గాయకులు తెలియదు" అంటుందది! దాని తప్పేం లేదు లెండి. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కుల్లో మామూలుగా పాటే ఉంటుంది, పేరు అట్ట మీదుంటుంది. అట్ట పోతే పేరూ పోయినట్టే.

ఈ బాధ కొత్తదా? 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో పాడితే, రికార్డులు అచ్చయ్యింది జర్మనీలోని హానోవర్లో. అక్కడివాళ్ళకు ఈ గొంతు ఎవరిదో ఏం తెలుస్తుంది? అందుకే పాట ముగియగానే ఆవిడ తన పేరు ఇంగ్లీషులో ఖణేల్మని చెప్పేసేది. గడుసుదే! 1949లో "మహల్" తొలి రికార్డు మీద మాత్రం లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలో పాత్ర పేరు "కామిని" అని వేశారు.

1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఎమ్.పి.3 పాటకు చివర 128 బైట్ల చోటు చేర్చి, పాట పేరూ, పాడినవారి పేరూ అందులో రాసే ఏర్పాటు చేశాడు. సరిగ్గా గౌహర్ జాన్ చెప్పుకున్న చోటే!

వంటయ్యాక రోజూ నాలుగు పాటలు విని పేర్లు రాస్తున్నాను. పోల్చుకోలేనివి పెద్దమ్మకి ఫోన్లో వినిపిస్తాను. "లీల కాదే, బాలసరస్వతి" అంటుంది ఠక్కున. ఆవిడకి 84 ఏళ్ళు. ఇంకా మూడొందల పాటలున్నాయి.