వలస రైతులు కట్టిన ఊళ్లు: నిజాంసాగర్ క్యాంపుల నుంచి చిన్న రైతు నేర్చుకోవాల్సినవి

కాకుమాను, బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంత రైతు సోదరులారా! నిజామాబాద్ వైపు వెళ్లి స్థిరపడినవారు మీ చుట్టాల్లోనూ ఉండే ఉంటారు. వారి అనుభవం ఈ రోజు మీకు ఎలా పనికొస్తుందో చూద్దాం.

ఎందుకు వెళ్లారు?
మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. కాలువ నీటితో మాగాణి చేయడం తెలిసినవారు అక్కడ కావాలి. కృష్ణా డెల్టా రైతుకు ఆ పని తెలుసు. కానీ ఇక్కడ భూమి ఖరీదెక్కువ, కమతాలు చిన్నవి. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ అంతకు మించి భూమి వచ్చేది.

ఊరు ఎలా నిలిచింది?
బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాల్లో పొలాల దగ్గరే ఇళ్లు వేసుకున్నారు. అవే 'క్యాంపులు'. ఇవి చట్టప్రకారం సహకార సంఘాలు కావు. ఎవరి పొలం వారిదే. అయినా కొత్త చోట కాలువ నీటికీ, నాట్లకూ ఒకరికొకరు తోడు కావాల్సి వచ్చింది.

సహకారం తోడైతే
• కొచ్చిన్ నుంచి వెళ్లిన యూదులు 1954లో ఇజ్రాయెల్‌లోని నెవాతిమ్‌లో స్థిరపడ్డారు. అది 'మోషావ్' అనే సహకార గ్రామం. ఈ పద్ధతిలో సాగు కుటుంబానిది, కొనుగోళ్లు, అమ్మకాలు ఉమ్మడివి.
• మన దగ్గర ముల్కనూరు సహకార సంఘం 1956లో మొదలైంది. అప్పు, ఎరువులు, పంట కొనుగోలు ఒకేచోట అందిస్తోంది.

రెండు హెచ్చరికలు
• క్యాంపుల రైతులకు భూమి అమ్మిన స్థానికుల్లో కొందరు తర్వాత కూలీలుగా మిగిలారు. అవసరానికి తొందరపడి భూమి అమ్మకండి.
• బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడటంతో చెరకు రైతుకు దగ్గరి కొనుగోలుదారు లేకుండా పోయాడు. ఒక్క కొనుగోలుదారునే నమ్ముకోకండి.

మీరు చేయాల్సినవి
1. ఒకే బోదె కింద ఉన్న రైతులు కలిసి నీటి వంతులు రాసుకోండి. నీటి వినియోగదారుల సంఘం సమావేశాలకు తప్పక వెళ్లండి.
2. ఒక సీజన్ ఎరువులు, విత్తనాలు కలిసి కొనండి. మిగిలిన డబ్బు లెక్క అందరికీ చూపండి.
3. లెక్క కుదిరాకే సంఘం రిజిస్టర్ చేయండి. ఉత్పత్తిదారుల కంపెనీకి కనీసం 10 మంది రైతులు చాలు.
4. కౌలు రైతులనూ చేర్చుకోండి. సాగు చేసేది వారే.

పొలం గట్టు ఎవరిది వారికే ఉండనివ్వండి. బేరం మాత్రం కలిసి చేయండి.