సిటీ లైట్ల మధ్య నెబ్యులా ఫోటో: లండన్ పెరడు నుంచి బేగంపేట దాకా

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మేం ఉండేది సిటీలో. రాత్రి పైకి చూస్తే గట్టిగా 20 చుక్కలు కూడా కనబడవు. ఇక్కడి నుంచి నెబ్యులా ఫోటో తీయొచ్చా?" అని. దీనికి సమాధానం కెమెరా రివ్యూలో కాదు, హిస్టరీలో ఉంది. అందుకే ఈ రోజు కథ 140 ఏళ్ల వెనక్కి.

మొదట్లో వాడిన గాజు ప్లేట్లు తడి ప్లేట్లు. పైన పూసిన మందు కొన్ని నిమిషాల్లోనే ఆరిపోయేది, ఆరితే ప్లేట్ వేస్ట్. చంద్రుణ్ణి తీయడానికి ఆ టైమ్ చాలు. నెబ్యులాకి చాలదు, అది అంత మసగ్గా ఉంటుంది. 1871లో రిచర్డ్ మాడాక్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ జెలటిన్‌తో పొడి ప్లేట్ తయారుచేసే దారి చూపించాడు. ఇక గంటసేపైనా ఎక్స్‌పోజర్ ఇవ్వొచ్చు.

1880 సెప్టెంబర్ 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ ఓరియన్ నెబ్యులాని దాదాపు 50 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీశాడు. నెబ్యులాకి అదే మొదటి ఫోటో. ఈయన చదివింది కూడా డాక్టర్ చదువే.

ఇప్పుడు అసలు హీరో. ఆండ్రూ కామన్. వృత్తి ఏంటో తెలుసా? శానిటరీ ఇంజనీర్! అంటే డ్రైనేజీ, పైపుల పని. లండన్ శివారు ఈలింగ్‌లో తన పెరట్లో 36 అంగుళాల అద్దంతో టెలిస్కోప్ పెట్టుకున్నాడు. 1883లో ఆయన తీసిన ఓరియన్ ఫోటోలో, అదే టెలిస్కోప్‌లో కన్నుపెట్టి చూసినా కనిపించని నక్షత్రాలు పడ్డాయి. కంటికి అందనిది ప్లేట్‌కి అందింది. మరుసటి ఏడాది రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకి గోల్డ్ మెడల్ ఇచ్చింది. అంటే ఈ పనిని ముందుకు తోసినవాళ్లలో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిపూట పెరట్లో నిలబడ్డ మనలాంటి ఇంజనీర్ ఒకడున్నాడన్నమాట.

సరే, మన హైదరాబాద్‌కి వద్దాం. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ప్రభువు సొంత డబ్బుతో ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టాడు. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత బేగంపేటకి మార్చింది. అవును, ఇప్పుడు ఫ్లైఓవర్, ట్రాఫిక్ జామ్ ఉన్న బేగంపేటే!

అప్పటికి ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని మొత్తం ఫోటో తీసే ప్రాజెక్ట్ నడుస్తోంది. 1887లో పారిస్‌లో మొదలైంది. చిలీలోని శాంటియాగో చేయలేకపోయిన భాగం హైదరాబాద్‌కి వచ్చింది. 8 అంగుళాల కెమెరా టెలిస్కోప్‌తో మనవాళ్లు 1914 నుంచి ప్లేట్లు తీశారు. ఒక్కో ప్లేట్ 16 సెంటీమీటర్ల గాజు పలక. కంప్యూటర్ లేదు, ఎక్సెల్ లేదు. పలకని మైక్రోస్కోప్ కింద పెట్టి, ఒక్కో చుక్క ఎక్కడుందో కంటితో చూసి, చేత్తో రాశారు. అలా 7 లక్షలకు పైగా నక్షత్రాలు! దీని ఫలితం 12 సంపుటాలు. టి.పి. భాస్కరన్ లాంటి డైరెక్టర్లు ఏళ్ల తరబడి ఈ పని నడిపించారు.

అది ఎందుకు పనికొచ్చిందంటే, 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్ 25 లక్షల నక్షత్రాల లెక్క. ఏ నక్షత్రం ఎంత కదిలిందో తెలియాలంటే పాత స్థానం కావాలి కదా? శాటిలైట్ డేటా పక్కన పెట్టి పోల్చింది ఈ పాత ప్లేట్ల కొలతలనే. వాటిలో బేగంపేట ఆకాశం కూడా ఉంది.

మరి ఆ ఆకాశం ఏమైంది? ఊరు పెరిగింది, దీపాలు పెరిగాయి. ఎక్స్‌పోజర్ పెంచేకొద్దీ నక్షత్రంతో పాటు ఆకాశపు వెలుగు కూడా ప్లేట్ మీద పేరుకుని, మసక చుక్కల్ని మింగేస్తుంది. 1968లో ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్‌ని సిటీకి దూరంగా జపాల్-రంగాపూర్ దగ్గర పెట్టింది. బేగంపేటలో పాత గుమ్మటాలు మిగిలాయి.

కథ అక్కడే అయిపోవాల్సింది. కానీ 1969లో బెల్ ల్యాబ్స్‌లో సీసీడీ పుట్టింది, ఫోటో నంబర్‌గా మారింది. నంబర్లయితే కూడొచ్చు, తీసేయొచ్చు. బరాత్‌లో డీజే మోగుతుంటే పక్కనోడు చెప్పిన మాట వినబడదు. అదే మాటని 100 సార్లు రికార్డ్ చేసి ఒకదానిమీద ఒకటి పేర్చారనుకోండి, మాట ప్రతిసారీ అదే, గోల మాత్రం ప్రతిసారీ వేరు. మాట 100 రెట్లు పెరిగితే గోల 10 రెట్లే పెరుగుతుంది. స్టాకింగ్ అంటే ఇదే. కోడ్ రాసే నాకు ఇందులో అందంగా కనిపించేది ఈ వర్గమూలమే.

రెండో ఆయుధం నారోబ్యాండ్ ఫిల్టర్. హైడ్రోజన్ నెబ్యులా ఎక్కువగా 656 నానోమీటర్ల ఎరుపులో వెలుగుతుంది. ఆ సన్నటి సందు మాత్రమే తెరిచి మిగతా వెలుగుని ఆపేస్తే, సిటీలోనూ నెబ్యులా బయటపడుతుంది. కానీ గెలాక్సీలతో ఈ కిటుకు పనిచేయదు. వాటి వెలుగు నక్షత్రాలది, అన్ని రంగుల్లోనూ ఉంటుంది. పాత సోడియం దీపాల పసుపుని ఫిల్టర్‌తో ఆపగలిగాం, తెల్ల ఎల్‌ఈడీది అలా కుదరదు, అది అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది. కాబట్టి టెక్నాలజీ అంతా చూసుకుంటుందిలే అనుకోకండి. వీధి దీపానికి పైన మూత ఉండి వెలుగు కిందికే పడితే, ఏ ఫిల్టర్ చేయలేని మేలు అది చేస్తుంది.

ఇక మీ ప్రశ్నకి జవాబు: తీయొచ్చు. చలికాలంలో ఓరియన్ దగ్గర వరుసగా 3 చుక్కలు కనిపిస్తాయి. వాటి కింద వేలాడే మసక చుక్కే కామన్ తీసిన నెబ్యులా. ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి, ప్రో మోడ్‌లో 2 సెకన్ల ఫోటోలు 100 తీయండి. సిరిల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పేర్చండి. చిన్న గులాబీ మరక వచ్చినా చాలు. డేట్ రాసి దాచుకోండి. బేగంపేట ప్లేట్ల విలువ తెలియడానికి 80 ఏళ్లు పట్టింది.

మీ ఫోటోలు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను మరి!