గురిగింజ ఎత్తు మందు – వేట తుపాకి తూటా కథ

సంస్థానాల చరిత్ర అనగానే మనకు కోట బురుజులు, దేవాలయాలు, కవి పండితుల సన్మానాలు, జరీ అంచు చీరలు గుర్తుకు వస్తాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరే ఉంది. అమరచింత సంస్థానానికి రాజధానిగా వెలిగిన మన ఆత్మకూరుకూ ఆ కీర్తిలో న్యాయమైన వాటా ఉంది. అయితే దివాణాల గోడలకు వేలాడిన తుపాకుల గురించి, వాటిలో కొలిచి పోసిన మందు గురించి మన పత్రికల్లో వచ్చిన రచనలు తక్కువ. విషయం చిన్నదిగానే కనిపించవచ్చు. కానీ అందులో మన పనివారి నైపుణ్యం, పరాయి పాలకుల చట్టం, అడవి గతి మూడూ ముడిపడి ఉన్నాయి. అందుకే ఈ ప్రత్యేక సంచికకు దీనిని ఎంచుకున్నాను.

నిజాం రాజ్యంలో కృష్ణానదికి ఇరువైపులా గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట సంస్థానాలు దగ్గర దగ్గరగా ఉండేవి. 1901 నాటికి అమరచింత సంస్థానం కింద 68 గ్రామాలుండేవి. అప్పుడది రాయచూరు జిల్లాలో భాగం. పడమట మెట్టపొలాలు, రాతిగుట్టలు, జింకల మందలు తిరిగే బయళ్ళు. తూర్పుకు పోతే కొల్లాపురం దాటి నల్లమల, అమ్రాబాద్ గట్లు. అక్కడి చెంచులకు విల్లు, అమ్ములే ఆయుధాలు. మైదానంలోని దొరలకు, దేశ్‌ముఖులకు, కావలివాళ్ళకు తుపాకి. గద్వాల, వనపర్తి ప్రాంతాల్లో కత్తులు, తుపాకులు తయారయ్యేవని పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల రచనల్లో నమోదయింది. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా గుర్తుగా గన్‌ఫౌండ్రీ అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. అంటే మందుగుండు విద్య మన రాజ్యానికి కొత్త కాదన్నమాట.

పల్లెల్లో వాడుకలో ఉన్న తుపాకి పేరు బర్మార్. ‘భర్’ అంటే నింపు, ‘మార్’ అంటే కొట్టు. పేరులోనే దాని పని అంతా ఉంది. గొట్టం మూతి నుంచి మందు పోయాలి. పైన గుడ్డపీలికో, పీచో పెట్టి గజంతో దట్టించాలి. ఆపైన సీసపు గుండో, చెర్రలో వేయాలి. నిప్పు అంటించే తీరునుబట్టి పాతది తోడేదార్, అంటే కాలుతున్న తాడుతో ముట్టించేది. తరువాతది టోపీదార్, అంటే చిన్న రాగి టోపీ మీద సుత్తి పడి పేలేది. ఈ టోపీకి మూలమైన పేలుడు రసాయనపు పద్ధతికి స్కాట్లండు దేశపు మతగురువు అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందాడు. వానకు ఆరిపోయే తాటి బెడద దానితో తీరింది.

బర్మార్ పట్టినవానికి అసలు పరీక్ష కొలతలోనే ఎదురయ్యేది. మందు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడితే గుండు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. గుండు గొట్టానికి వదులైతే గాలి పక్కనుంచి తప్పించుకుని బలం తగ్గుతుంది. మరీ బిగువైతే గొట్టానికే ప్రమాదం. పైగా నల్లమందు కాలితే అందులో సగానికి పైగా మసిగా, మడ్డిగా గొట్టంలోనే మిగులుతుంది. మొదటి దెబ్బ తిన్నగా పోయినా నాలుగో దెబ్బ పక్కకు పోవడానికి కారణం ఇదే. అందుకే తెలిసినవాడు ఒకే కొమ్ముతో, ఒకే గుర్తు వరకు మందు కొలిచేవాడు. గజం మీద గాటు పెట్టి, దట్టింపు ప్రతిసారీ ఆ గాటు దగ్గరికే వచ్చిందా అని చూసేవాడు. నాలుగు దెబ్బలకోసారి తడిగుడ్డతో గొట్టం తుడిచేవాడు. చదువు లేకపోయినా ఇదంతా శాస్త్రమే.

ఇంగ్లీషువాళ్ళు మందును ‘గ్రెయిన్’ అనే తూకంలో కొలిచేవారు. పేరు కొత్తగా ఉన్నా మన తులానికి అది దగ్గరి చుట్టమే. 1833లో కంపెనీ ప్రభుత్వం తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా నిర్ణయించింది. తులానికి 96 రత్తులు లెక్క వేస్తే గురిగింజ ఒక్కటి రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ తూగుతుంది. కంసాలి త్రాసు మీద బంగారం తూచినట్టే వేటగాడు మందు తూచాలి. ‘గురిగింజ ఎత్తు’ తేడా వస్తే బంగారంలో నష్టం డబ్బే. మందులో నష్టం మాత్రం గురి.

తరువాత తూటా వచ్చింది. మందు, గుండు కలిపి కాగితంలో చుట్టిన ఎన్‌ఫీల్డ్ తూటాకు పూసిన కొవ్వు 1857లో ఎంతటి మంటకు కారణమైందో మనందరికీ తెలుసు. ఆ జులై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వాన రెసిడెన్సీ మీద దాడి జరిగింది. పదేళ్ళు తిరగకముందే కాగితం పోయి ఇత్తడి తొడుగు వచ్చింది. ఇత్తడితో ఒక లాభం ఉంది. పేలిన తరువాత తొడుగు మిగులుతుంది. దాని అడుగున ఉన్న చిన్న టోపీ మార్చి, మందు కొత్తగా పోసి, గుండు అమర్చితే మళ్ళీ తూటా సిద్ధం. దీనినే చేతితో నింపిన తూటా అంటారు. 1866 ప్రాంతంలో రెండు రకాల టోపీలు వచ్చాయి. ఇంగ్లీషువాడైన బాక్సర్ పద్ధతిలో తొడుగు అడుగున నడిమి రంధ్రం ఒకటే ఉంటుంది. సన్నని చువ్వతో పాత టోపీని సులువుగా తీయవచ్చు. అమెరికావాడైన బెర్డాన్ పద్ధతిలో రంధ్రాలు సాధారణంగా రెండు, పక్కగా ఉంటాయి. తీయడం కష్టం. చిత్రమేమంటే తరువాతి రోజుల్లో అమెరికా బాక్సర్ టోపీని స్వీకరించింది. ఐరోపా దేశాలు ఎక్కువగా బెర్డాన్ టోపీ వాడాయి.

1884లో ఫ్రాన్సులో పొగలేని మందు, 1889లో ఇంగ్లండులో కార్డైట్ వచ్చాక లెక్క మరింత సున్నితమైంది. 1898లో జాన్ రిగ్బీ కంపెనీ తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాలో 70 గ్రెయిన్ల కార్డైట్, 480 గ్రెయిన్ల గుండు ఉండేవి. మన లెక్కలో మందు అయిదు మాషాలకు లోపే. గుండు రెండున్నర తులాలకు పైన. ఆ చిటికెడు మందు అంత సీసాన్ని సెకనుకు 650 మీటర్ల వేగంతో తోసేది.

ఇక్కడే మన ఎండలు అడ్డు వచ్చాయి. కార్డైట్ వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది. చలిదేశంలో సరిగా పనిచేసిన తూటా మే నెల మహబూబ్‌నగర్ ఎండలో కాలిన తుపాకిలో పెడితే తొడుగు గొట్టానికి అతుక్కుపోవచ్చు. అందుకని తయారీదార్లు ఉష్ణదేశాల కోసం మందు కొంచెం తగ్గించిన తూటాలు వేరుగా అమ్మేవారు. జంట గొట్టాల రైఫిల్ విషయం ఇంకా సూక్ష్మం. రెండు గొట్టాల గుళ్ళూ ఒకే చోట పడేట్టు ఒక నిర్ణీత మందుకు, ఒక నిర్ణీత గుండుకు వాటిని కూర్చేవారు. ఆ అంకెలు గొట్టాల మీద చెక్కి ఉండేవి. ఆ తూకం మారిస్తే కుడి గుండు ఒకవైపు, ఎడమ గుండు ఒకవైపు పోతుంది. వేలు పోసి కొన్న తుపాకి అప్పుడు అలంకారమే. కనుక మంచి తూటా తయారుచేసేవాడు ఒకసారికి ఒక్కటే మార్చాలి. మందు మారిస్తే గుండు మార్చకూడదు. కాగితపు గురి మీద కొన్ని దెబ్బలు వరసగా కొట్టి, చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో చూసి, ఆ తరువాతనే ఇంకొక మార్పు. చీటీ మీద రాసి పెట్టుకోని పరీక్ష చేయని పరీక్షతో సమానం.

ఇక చట్టం సంగతి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో భారత ప్రభుత్వం .450 బోరు రైఫిళ్ళ దిగుమతిని నిషేధించింది. సైన్యం వాడిన మార్టినీ హెన్రీ తుపాకులు కూడా ఆ బోరువే. తిరుగుబాటుదారులు పాత సైనిక తుపాకుల్లో ఆ గుళ్ళు వాడతారేమోనన్న భయం దానికి కారణం. ఇంగ్లండు కంపెనీలు ఊరుకోలేదు. హాలండ్ వాళ్ళు .465, జెఫ్రీ వాళ్ళు .475 అని కొద్ది తేడాతో కొత్త బోర్లు పుట్టించారు. అంటే ఇక్కడి ప్రజల మీద ఉన్న అనుమానం లండను పనిశాలల్లో కొలతలు మార్పించింది. స్వాతంత్ర్యం తరువాత కూడా ఇదే సూత్రం మిగిలింది. ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారం పౌరులకు .315 రైఫిల్ ఇచ్చింది. అది మన సైన్యం వాడే బోరు కాదు.

బర్మార్‌కు ఇంకొక చరిత్ర కూడా ఉంది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో నల్గొండ పల్లెలు మొదట కర్రలతో, వడిసెలలతో, బర్మార్లతోనే నిలబడ్డాయి. ఆత్మకూరు అనే పేరు గల ఊళ్ళు ఆ జిల్లాలోనూ ఉన్నాయి కదా! ఒక్క దెబ్బ కొట్టి మళ్ళీ నింపుకునే తుపాకితో వరసగా పేల్చే రైఫిళ్ళ ముందు నిలవడం ఎంత కష్టమో పైన చెప్పిన వివరాలు చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

వేటను గొప్ప శౌర్యంగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలను లాలా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాల్లో చూస్తే ఆ వైభవం కళ్ళకు కడుతుంది. కానీ తప్పిన గుండు సంగతి ఛాయాచిత్రంలో ఉండదు. జిమ్ కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులి వందల మందిని పొట్టన పెట్టుకుంది. దాని కుడివైపు కోరలు విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కొట్టిన తుపాకి దెబ్బే అందుకు కారణమని ఆయన రాశాడు. కొలత తప్పిన ఒక తూటాకు, గురి కుదరని ఒక చేతికి వెల కట్టింది ఊళ్ళలోని నిరుపేదలు. కాబట్టి తూకంలో శ్రద్ధను కేవలం సరదాగా చూడలేము. ప్రాణం తీసే పనికి పూనుకున్నవాని కనీస బాధ్యత అది.

ఆ గురి కుదిరిన చేతులు కూడా అడవిని మిగల్చలేదన్నది రెండో నిజం. మన దేశంలో చిరుతపులికి వేరైన చీతా జాతి అంతరించిందని 1952లో ప్రకటించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి పులుల అభయారణ్యమైంది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పేరుతో వేరుగా ఉంది. ఇలా వేట చరిత్రలో కలిసింది. చేతితో తూటా నింపే నేర్పు అమెరికా వంటి దేశాల్లో ఇప్పటికీ వ్యాపకంగా సాగుతోంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం.

మనలో రెవెన్యూ, పోలీసు, అటవీ శాఖల్లో పనిచేసిన పెద్దలకు తుపాకి లైసెన్సు రిజిస్టర్లు, ఎన్నికలప్పుడు ఠాణాలో జమ అయిన బర్మార్లు, వాటికి కట్టిన అట్టచీటీలు బాగా తెలుసు. పంటరక్షణకు బర్మార్ లైసెన్సు ఇచ్చే వీలు ఆ 1959 చట్టంలోనే ఉంది. ఆ రైతులు ఎవరు, ఏ అడవిపందుల బెడదకు తీసుకున్నారు, మందు ఎట్లా కొలిచేవారు అన్నవి కాగితాల్లో కంటే మన జ్ఞాపకాల్లోనే ఎక్కువ ఉన్నాయి. గుర్తున్నంతవరకు రాసి పెట్టండి, పిల్లలకు చెప్పండి.

చివరగా ఒక మనవి. పాత ఇంటి అటకమీద తాతలనాటి తుపాకి గాని, పచ్చబారిన తూటాలు గాని, మందుకొమ్ము గాని కనిపిస్తే పేలుతుందో లేదో చూడకండి, శుభ్రం చేయబోకండి. పాత మందు ఎంత ఎత్తు ఉన్నా నమ్మరానిదే. లైసెన్సుదారు మరణించి ఉంటే వారసులు ఆ ఆయుధాన్ని ఠాణాలో జమచేసి రసీదు తీసుకోవాలి. ఆ రసీదును పింఛను కాగితాలతో పాటు భద్రంగా ఉంచుకోండి.